తవుడికి కొన్న బిడ్డ

"నడివయసులో బైబిలు చదువు, దోసెడు తవుడికి కొడుకు! నీ బేరాలే వేరు కదే!" అని మా అత్తగారు ఇప్పటికీ నన్ను ఆటపట్టిస్తారు. అన్నది ఆవిడ కాబట్టి సరిపోయింది. ఇంకెవరైనా అంటే మాత్రం నేను ఊరుకోను. ఆ బేరం సంగతి నా నోటితో నేనే చెప్పాలి.

పెళ్ళయిన చాలా ఏళ్ళకి నేను థియాలజీ చదువులో చేరాను. మా సంఘంలో ఆదివారం బడి పిల్లలకి పాఠాలు చెప్తూ ఉండేదాన్ని. "ఇంత నోరుంది, చదువుకుంటే వాక్యం బాగా చెప్తావు" అని సంఘ పెద్దలే పంపించారు. మా ఆయన చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ నగలకి పూత పని చేస్తారు. "నువ్వెళ్ళు, వంట సంగతి అమ్మా నేనూ చూసుకుంటాం" అన్నారు. మాకు పిల్లలు లేరు. లేరని రాయడానికి ఒక్క మాట చాలు గానీ, బందరులో ఏ బారసాలకి వెళ్ళినా ఆ ఒక్క మాటకి అందరికీ సంజాయిషీ చెప్పుకోవాలి. అందుకని బారసాలలకి వెళ్ళడమే మానేశాను. క్లాసులో మాత్రం హాయిగా ఉండేది. అక్కడ కుర్రాళ్ళందరికీ నేను అక్కని.

రెండో ఏడాది మాకు ఫీల్డ్ వర్క్ ఉంటుంది. ప్రతి శనివారం ఊళ్ళ మీదికి వెళ్ళి మనుషుల మధ్య పని చేసి రావాలి. ఆ ఏడు వలస కూలీలతో పని అన్నారు. కొందరికి గుడివాడ వైపు ఇటుక బట్టీలు పడ్డాయి. నాకూ, గుడివాడ నుంచే వచ్చిన ఒక క్లాసు తమ్ముడికీ నాగాయలంక దాటాక ఉన్న రొయ్యల చెరువులు పడ్డాయి. గుడివాడ పడితే మధ్యాహ్నం ఇంటికెళ్ళి అమ్మ చేతి ముద్ద తినొచ్చని ఆశపడ్డాడు పాపం. బందరులో బస్సెక్కి, అవనిగడ్డలో మారి, నాగాయలంకలో దిగేదాకా అదే బెంగ. మంచివాడు, కష్టపడతాడు. గొంతే మరీ పెద్దది. వాడు ప్రార్థన మొదలుపెడితే అవతలి గట్టు మీది కొంగలు లేచిపోయేవి.

చెరువు గట్ల మీద రేకుల షెడ్లలో ఒరిస్సా నుంచి వచ్చిన కుటుంబాలు ఉండేవి. రొయ్యలకి మేత చల్లడం, నీళ్ళని చిలికే ఏరియేటర్లు ఆగకుండా చూసుకోవడం, కాపలా కాయడం వాళ్ళ పని. వాళ్ళ పిల్లలకి టీకాలు పడ్డాయో లేదో చూడడం, బడికి పంపించడం, జబ్బు చేస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళడం మా పని. చెప్పుకోవడానికి అంతే. కానీ మాది పాస్టర్ల జాతి కదండీ! ఎక్కడికెళ్ళినా ముందో ప్రార్థన, చివరో ప్రార్థన, మధ్యలో టీ.

మొదటి శనివారమే కొంప ముంచాడు మా తమ్ముడు. చివరి షెడ్డులో ఒక పడుచు జంట ఉంది. రాయగడ అవతల ఏదో కొండ ఊరు వాళ్ళది. ఆ పిల్లకి పార్వతీపురం సంతలో నేర్చుకున్న తెలుగు కాస్త వచ్చు. లోపల పాత చీర ఉయ్యాలలో నెలల పసివాడు. "బాబు పేరేంటమ్మా?" అని అడిగితే "లేదు" అంది. పేరు లేదంటే వీడికి జాలి పుట్టుకొచ్చింది. బిడ్డని బయటికి తెప్పించి, తల మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని అందుకున్నాడు: "ప్రభువా! ఇంత చక్కని బిడ్డని, ఇంత బొద్దైన బిడ్డని, చందమామ లాంటి ముఖం గల బిడ్డని ఈ తల్లికిచ్చినందుకు స్తోత్రం!" ఆ గట్టునున్న అన్ని షెడ్లకీ వినబడింది.

మేం ఆమెన్ అనేసరికి బిడ్డా లేడు, తల్లీ లేదు. షెడ్డు తలుపు వేసేసుంది. లోపల ఆ పిల్ల ఏడుపు వినిపిస్తోంది. మా వాడు బిక్కమొహం వేసి, "నేనేమన్నానక్కా? పొగిడానుగా" అన్నాడు. "అదేరా నాయనా నువ్వు చేసిన పని" అన్నాను. పసిబిడ్డని నలుగురిలో బొద్దుగా ఉన్నాడనకూడదని మా పేటలో ఏ ముసలమ్మనడిగినా చెప్తుంది. వీడికి దేవుడి ముందు మేలులు చెప్పుకోవడం అలవాటు. ప్రార్థనకి కూడా దిష్టి తగులుతుందని ఏ క్లాసులోనూ చెప్పరు.

తరవాతి వారం ఆ తలుపు తియ్యలేదు. ఊళ్ళో టీకాలు వేసే నర్సమ్మ కూడా నా దగ్గర వాపోయింది. "ఆ పిల్ల బాబుని బయటికే తీసుకురాదండీ. టీకా వెయ్యనివ్వదు. నేను గట్టెక్కడం చూస్తే చాలు, లోపలికి పారిపోద్ది. వానలొచ్చేలోపు ఏదో ఒకటి చెయ్యండమ్మా మీరు" అంది. ఆ షెడ్డు చుట్టూ నీళ్ళు, దోమలు, పాములు. అలాంటి చోట అంత పసివాడికి ఒక్క టీకా కూడా లేదు.

ఆ పై శనివారం మా తమ్ముణ్ణి వేరే గట్టుకి పంపేసి నేనొక్కదాన్నే వెళ్ళాను. ప్రార్థనా లేదు, ప్రశ్నలూ లేవు. ఆ షెడ్డు నీడలో చెప్పులు విడిచి కూర్చున్నాను. చాలాసేపటికి ఆ పిల్ల బయటికొచ్చి నాకు దూరంగా కూర్చుని, అటు తిరిగి బిడ్డకి పాలిచ్చింది. పాలు తాగుతున్న బిడ్డ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. వాడు ఊఁ అన్నా, కాళ్ళు తన్నినా పలకరించలేదు. చెరువుకేసి చూస్తూ కూర్చుంది. మేం కౌన్సెలింగ్ పాఠంలో చదువుకున్న పెద్ద పెద్ద మాటలన్నీ నాకు గుర్తొచ్చాయి. ఒక్కటీ పనికొచ్చేలా కనబడలేదు.

"నీకెంతమంది పిల్లలు?" అని హఠాత్తుగా అడిగింది.

ఇక్కడ కూడానా అని ఒళ్ళు మండింది నాకు. "లేరు" అన్నాను విసురుగా. అయ్యో అంటుందని, ఏ దేవతకి మొక్కుకోవాలో చెప్తుందని చూశాను. ఆ పిల్ల ముఖం మాత్రం ఒక్కసారి వెలిగింది. వచ్చి నా పక్కనే కూర్చుంది.

"ఒక్కరూ పుట్టలేదా అక్కా? పుట్టి పోలేదా?"

"పుట్టనే లేదమ్మా. ఏం?"

"అయితే నువ్వు కొనుక్కో వీణ్ణి" అంది.

ఆ పిల్లే తన సంతమాటల్లో మెల్లగా చెప్పింది. వీడికి ముందు ఇద్దరు పుట్టారు. ఇద్దరూ పళ్ళు రాకముందే పోయారు. ఇద్దర్నీ ఎత్తుకుని తిరిగింది, ముద్దు చేసింది, పేర్లు పెట్టి పిలిచింది. "చావుకి మా ఇంటి దారి తెలుసు అక్కా. రెండుసార్లు వచ్చింది. మీ ఇంటి దారి దానికి తెలవదు. వీడు నీ బిడ్డయితే అది వెతుక్కుంటూ రాలేదు. డబ్బులొద్దు. తవుడిస్తే చాలు. మా ఊళ్ళో అలాగే అమ్ముతారు. నీ బిడ్డని నేను పెంచి పెడతా."

గొడ్రాలినని నన్ను శుభకార్యాల్లో పక్కన కూర్చోబెట్టిన వాళ్ళున్నారు. పిల్లలు లేని నా ఇల్లే తన బిడ్డకి భద్రమైన చోటని నమ్మిన మనిషి ఇదొక్కతే. "వచ్చే వారం చెప్తాను" అని లేచొచ్చేశాను.

బస్సులో సంగతంతా విని మా తమ్ముడు సీట్లోంచి ఎగిరిపడ్డాడు. "బిడ్డని అమ్ముతానందా! అక్కా, వెంటనే పిల్లల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యాలి. క్లాసులో చెప్పారుగా!" అని ఫోన్ తీశాడు. అక్కడితో ఆగాడా? బైబిల్లో సొంత అన్నలే తమ్ముణ్ణి గోతిలోంచి లాగి వర్తకులకి అమ్మేసిన పాత కథ ఎత్తుకున్నాడు. ముందు సీటు వాళ్ళు వెనక్కి తిరిగి చూస్తున్నారు.

"ఆపు బాబూ, బస్సులో ప్రసంగమొద్దు. ఆ అన్నలు అమ్మింది వదిలించుకోవడానికి. ఈ పిల్ల అమ్ముతానంటోంది ఉంచుకోవడానికి. కాస్త బుర్ర పెట్టు."

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు గానీ నోరు ఊరుకోలేదు. "అయినా మూఢనమ్మకమే కదక్కా. రేపు పాస్టర్లం కాబోతున్నాం. మనమే వెళ్ళి తవుడు పోసి కొంటే ఎలా?" అన్నాడు. ఆ మాట తీసెయ్యదగ్గది కాదు. నాకూ లోపల అదే పీకుతోంది. కిటికీలోంచి చూస్తే కాలవ పొడుగునా జమ్ము ఏపుగా పెరిగి ఉంది. చూస్తూ చూస్తూ ఉండగా నాకు తట్టింది.

"ఒరేయ్, బిడ్డ బతకాలని జమ్ముపెట్టెలో పెట్టి ఏట్లో వదిలిన తల్లి కథ, అదే బైబిల్లోది, మనం చిన్నప్పట్నుంచీ చెప్పుకుంటున్నామా? రాజు కూతురు ఆ బిడ్డ నాదంది. కన్నతల్లే పరాయి దానిలా వెళ్ళి, రాజు కూతురి బిడ్డగానే వాడికి పాలిచ్చి పెంచింది. ఆ తల్లిని భక్తురాలంటాం. ఈ పిల్ల చేస్తే మూఢనమ్మకమా?"

చల్లపల్లి దాటాక వాడు "తవుడు ఎక్కడ దొరుకుద్దక్కా?" అని అడిగాడు.

ఇంటికొచ్చి అత్తగారికి చెప్తే ఆవిడ నవ్వారు. "ఓసి పిచ్చిదానా, మీ ఆయన్నీ తవుడికే కొన్నారే! వాడికి ముందు నాకొకడు పోయాడు. అప్పుడు పెడనలో ఉండేవాళ్ళం. ఎదురింట్లో మగ్గం నేసే ఆవిడ కొనుక్కుంది. బతికున్నన్నాళ్ళూ ఏటేటా వాడికి కొత్త చొక్కా ఇచ్చింది మహాతల్లి. పాస్టరుగారికి మాత్రం చెప్పలేదులే" అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో నాకీ సంగతి తెలియదు. మా ఆయన్ని చూస్తే "నేను చవగ్గా వచ్చానన్నమాట" అని ముసిముసిగా నవ్వుతున్నారు.

కాసేపటికి అత్తగారు వంటింట్లోకొచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. ఈసారి గొంతులో వేళాకోళం లేదు. "కొంటే ఊరికే కొన్నట్టు కాదమ్మా. నీ బిడ్డే అవుతాడు. పంట అయిపోగానే వాళ్ళు మూట కట్టుకుని వెళ్ళిపోతారు. రేపు వాడికేమన్నా అయితే కడుపుకోత నీక్కూడా. తట్టుకోగలవా, చూసుకో." కొళాయి కింద గిన్నెలు కడుగుతూ, తట్టుకోలేనని నాకు తెలుస్తూనే ఉంది. అయినా వెళ్తానని కూడా తెలుస్తోంది.

కొన్నవాళ్ళు బిడ్డ చేతికి ఏదైనా తొడగాలట. మా ఆయన బుల్లి కడియం ఒకటి చేసి, పూత వేసి, అంచులు గుచ్చుకోకుండా అరగదీసి ఇచ్చారు. పెళ్ళిళ్ళకి వడ్డాణాలు చేసిన చెయ్యి ఆ కాస్త కడియానికి ఎంతసేపు తీసుకుందో! తవుడు మాత్రం మా తమ్ముడే తెచ్చాడు. ఇంటికెళ్ళినప్పుడు గుడివాడలో మిల్లుకి పోయి, ఇంత పొట్లం కట్టించుకుని వచ్చాడు. మిల్లువాళ్ళు గేదెకా అని అడిగితే అబద్ధం ఆడలేక "కాదండీ, పాస్టర్ల పని మీద" అన్నాట్ట.

ఆ శనివారం షెడ్డు ముందు ఆ పిల్ల చేటలో బిడ్డని పడుకోబెట్టి నా ముందు పెట్టింది. ఆమె భర్త చేతులు కట్టుకుని పక్కనే నుంచున్నాడు. నేను ఆమె కొంగులో తవుడు పోసి, బిడ్డని ఎత్తుకున్నాను. వాడు వెచ్చగా, పాల వాసన వేస్తూ, నా జాకెట్టు గుప్పిట పట్టుకున్నాడు. కడియం తొడిగి, ఆ పిల్ల చెప్పిన మాటే చెప్పాను: "వీడు నా బిడ్డ. నాకు పెంచి పెట్టు."

"పెడతా అక్కా" అని వాణ్ణి అందుకుంది. అందుకుని, ముఖం మీద ముఖం పెట్టి ముద్దులు పెట్టింది. బుగ్గల మీద, కళ్ళ మీద, అరికాళ్ళ మీద. వాడికి గాలాడనివ్వలేదు. ఏవో వాళ్ళ భాషలో మాటలు, నవ్వు, ఏడుపు. నెలల తరబడి దాచుకున్నదంతా ఒక్కసారే. "ఇప్పుడు పరవాలేదు అక్కా, నీ బిడ్డ కదా! నీ బిడ్డని నేను ముద్దు చేస్తే ఎవరు చూస్తారు?" అంది. నాకు దుఃఖం ఆగలేదు. గట్టు మీదే కూర్చుని ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

అప్పుడు మా తమ్ముడు భయం భయంగా ముందుకొచ్చి, ఆమె ఊఁ అన్నాక, కళ్ళు తెరిచే ప్రార్థన చేశాడు. గొంతు బాగా తగ్గించాడు. "ప్రభువా, మామూలు బిడ్డే. పీలగా ఉన్నాడు. ముక్కు కూడా సొట్టే. ఏదో, కాస్త చూసుకో. ఆమెన్." నేను విన్న ప్రార్థనలన్నిటిలో అంత మంచి ప్రార్థన ఇంకోటి లేదు.

కళ్ళు తుడుచుకుని వెంటనే నా పెత్తనం మొదలుపెట్టాను. "నా బిడ్డకి టీకాలు పడాలి. పద ఆసుపత్రికి" అన్నాను. ఆ పిల్ల వెనకాడింది. "ఎవరి బిడ్డ?" అన్నాను. "నీ బిడ్డే" అంది. "మరి నా మాట వినాలా, వద్దా?" అన్నాను. ఆటోలో నాగాయలంక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. సూది వేస్తుంటే వాడు నా ఒళ్ళోనే గుక్క పట్టాడు. నర్సమ్మ నన్ను చూసి, "బిడ్డ కంటే మీరే ఎక్కువ ఏడుస్తున్నారండీ" అంది. జ్వరం వస్తుందని, భయపడొద్దని ఆవిడ చెప్పినదంతా రెండుసార్లు చెప్పించుకున్నాను. మర్నాడు ఎన్నిసార్లు ఫోన్ చేశానో ఆ పిల్ల భర్తకే తెలియాలి.

అప్పట్నుంచీ శనివారాలన్నీ అలాగే గడిచాయి. నా బిడ్డ బోర్లాపడ్డాడు. నవ్వడం నేర్చుకున్నాడు. పళ్ళు మాత్రం ఇంకా రాలేదు. ఇంతలో రొయ్యలు పట్టేశారు, చెరువులు ఎండగట్టారు, కూలీలకి లెక్కలు చూసేశారు. వెళ్ళేరోజు ఆ పిల్ల అవనిగడ్డ బస్టాండులో బిడ్డని నా చేతుల్లో పెట్టింది. "నీ బిడ్డని మా ఊరు తీసుకెళ్తా. వెళ్ళమంటావా అక్కా?" అని అడిగింది. కన్నతల్లి నన్ను అనుమతి అడుగుతోంది. మా బందరు ఇంటి అడ్రసు రాసిన కాగితం ఆమె భర్త జేబులో పెట్టాను. తలూపాను.

వాళ్ళ కొండ ఊళ్ళో సిగ్నల్ ఉండదట. మొదట్లో ఒకటి రెండు సార్లు కలిసిన ఫోన్ తరవాత మూగబోయింది. వానలు మొదలయ్యాయి. బందరులో రోడ్ల మీద నీళ్ళు నిలిస్తే ఆ కొండల మీద ఎలా ఉందో అనిపించేది. అత్తగారు రోజూ కుటుంబ ప్రార్థనలో "మావాడు" అని ఒక్క మాట అని ఊరుకునేవారు. అంతకంటే పొగడ్త ఎవరం పలకలేదు. పళ్ళు వచ్చే వయసు దాటిందా, దాటలేదా అని వేళ్ళు మడుచుకునేదాన్ని. పరీక్షలు రాశాను. ఏం రాశానో నాకే తెలియదు.

చలి మొదలైన ఒక పొద్దున, వాకిట్లో చీపురు పట్టుకుని ఉండగా గేటు చప్పుడైంది. చూస్తే ఆ పిల్ల. ఒక్కతే నుంచుంది. చంకలో బిడ్డ లేడు. కుడిచెయ్యి నా ముందు చాపి గుప్పిట విప్పింది. అరచేతిలో మా ఆయన చేసిన కడియం.

చీపురు ఎక్కడ పడేశానో తెలియదు. గేటు ఊచ పట్టుకుని, "ఏడీ? ఏడే నా బిడ్డ?" అని అరిచాను.

ఆ పిల్ల బెదిరిపోయి వెనక్కి చెయ్యి చూపించింది. సందు మొదట్లో ఆమె భర్త వస్తున్నాడు. రెండు చేతులా తండ్రి వేళ్ళు పట్టుకుని ఒకడు తప్పటడుగులు వేసుకుంటూ, ప్రతి అరుగు దగ్గరా ఆగుతూ, తీరిగ్గా వస్తున్నాడు. నన్ను చూసి నోరు తెరిచాడు. నోట్లో తెల్లగా పళ్ళు.

"చిన్నదైపోయింది అక్కా, చేతికి పట్టడం లేదు. సబ్బు రాసి తీశా. పెద్దది చేయించు" అంది. కడియాన్ని కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. "ముందోళ్ళకి ఏదీ చిన్నది కాలేదు."

నేను వాణ్ణి ఎత్తుకున్నాను. బరువుగా ఉన్నాడని ఎవరికీ చెప్పలేదు. మా ఆయన లోపల్నుంచి కొలతకి దారం తెచ్చి వాడి మణికట్టుకి చుట్టబోతే, వాడు దారం లాక్కుని నోట్లో పెట్టుకున్నాడు. గుమ్మంలోంచి అత్తగారు కేకేశారు.

"ఒరేయ్, కాస్త వదులుగా చెయ్యరా. పెరిగే చెయ్యి."